సెంబవాంగ్‌లో ఒక గది: పరాయి ఇంట్లో ఉండి చదువుకోవడం అంటే

పోయిన ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది తక్కువ, నవ్వింది ఎక్కువ. ఫ్రిజ్ సంగతి మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను కూడా. అప్పట్నుంచీ ఒకటే ప్రశ్న వస్తోంది: "అన్నా, సింగపూర్‌కి చదువుకోడానికి వస్తే హోస్ట్ ఫ్యామిలీతో ఉండొచ్చా? హాస్టల్ మంచిదా?" మా అక్క కొడుకు కూడా ఇదే అడిగాడు. వాడు పాలిటెక్నిక్‌లో చేరడానికి వస్తున్నాడు. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను సైట్‌లో డైలీ రిపోర్ట్ తప్ప ఇంకేమీ రాసిన మనిషిని కాదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు మాట సరిచేద్దాం. అమెరికాలోనో జపాన్‌లోనో హోస్ట్ ఫ్యామిలీ అంటే ఓ సంస్థ కుటుంబాన్ని చూసిపెడుతుంది, వాళ్ళు నిన్ను పిల్లాడిలా చూసుకుంటారు అని సినిమాల్లో చూసి అనుకుంటాం. సింగపూర్‌లో స్కూలు పిల్లలకి అలాంటి హోంస్టేలు ఉన్నాయి. భోజనం, గార్డియన్, అన్నీ కలిపి డబ్బు తీసుకుంటారు. కానీ పెద్దవాళ్ళకి, అంటే పాలీ, యూనివర్సిటీ, ప్రైవేట్ కాలేజీ, నాలాగా పని చేసుకుంటూ సాయంత్రం క్లాసులకి వెళ్ళేవాళ్ళకి, ఆచరణలో హోస్ట్ ఫ్యామిలీ అంటే ఒకటే: ఓనర్ ఉంటున్న హెచ్‌డీబీ ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్. ప్రకటనల్లో "ఓనర్ స్టేయింగ్" అని రాస్తారు. చాలామంది కుర్రాళ్ళు ఆ మాట చూడగానే వద్దనుకుంటారు. నేను మాత్రం చదువుకునేవాడికి అదే మంచిదంటాను. ఎందుకో చెప్తాను.

నేను సింగపూర్ వచ్చింది 2007లో. మాది కడియం దగ్గర పల్లెటూరు. ఐటీఐ చేసి, ఇండియాలోనే స్కిల్ టెస్ట్ పాసై, వర్క్ పర్మిట్ మీద వచ్చాను. ఏడేళ్ళు డార్మిటరీలో ఉన్నాను. ఒక గదిలో పన్నెండు మందిమి, రెండంతస్తుల మంచాలు. అక్కడ స్నేహాలు దొరుకుతాయి, అప్పులు దొరుకుతాయి, వంటకి తోడు దొరుకుతుంది. పుస్తకం తెరిచి కూర్చునే చోటు మాత్రం దొరకదు. నైట్ షిఫ్ట్ వాడు పగలు పడుకుంటాడు, పగలు షిఫ్ట్ వాడు రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. నిర్మాణ రంగంలో వర్క్ పర్మిట్ మీదున్న మనవాళ్ళకి హెచ్‌డీబీలో గది అద్దెకి తీసుకునే వీలు లేదు, మలేషియా వాళ్ళకి తప్ప. అది చట్టం. డార్మిటరీ మన ఇష్టం మీద ఉండేది కాదు, రూలు మీద ఉండేది. ఇది మన ఊళ్ళో వాళ్ళకి తెలీదు. "అన్నేళ్ళు ఉండి ఒక మంచి ఇల్లు చూసుకోలేకపోయావా" అంటారు.

2014లో కంపెనీ నాకు ఎస్ పాస్ వేసింది. అప్పట్లో దానికి కనీస జీతం 2,200 డాలర్లు. అదే ఏడు బ్రాడెల్ రోడ్డులో ఉన్న బీసీఏ అకాడమీలో సూపర్‌వైజర్లకి పెట్టే పార్ట్‌టైమ్ కోర్సులో చేరాను. వారానికి మూడు సాయంత్రాలు, ఏడింటి నుంచి పదింటి దాకా. ఎస్ పాస్ వస్తే గది తీసుకోవచ్చు. భార్యాపిల్లల్ని మాత్రం తెచ్చుకోలేం, డిపెండెంట్ పాస్‌కి జీతం సరిపోదు. ఇప్పుడైతే ఆ గీత నెలకి 6,000 డాలర్ల దగ్గర ఉంది. అంటే నా పరిస్థితి కాలేజీ కుర్రాడి పరిస్థితే. ఒంటరిగా ఉండాలి, చదవాలి, మరీ డబ్బు తగలెయ్యకూడదు.

గది వెతకడం గురించి పెద్దగా చెప్పను, చెప్తే మనసు పాడవుతుంది. ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఇండియనా?" అని. అవును అంటే "సారీ, గది అయిపోయింది". నాలుగు చోట్ల అదే సమాధానం. అయిదోచోట ఆవిడ మొహమాటం లేకుండా కారణం చెప్పేసింది: "మీరు రోజూ వండుతారు, వాసన పోదు." ఆ మాటకి నాకు కోపం రాలేదు, ఎందుకో తేలికనిపించింది. ఆవిడ అబద్ధం ఆడలేదు.

ఇక్కడ ఒక మాట నేర్చుకోండి: "లైట్ కుకింగ్". ప్రకటనలో "నో కుకింగ్" అంటే స్పష్టమే. "కుకింగ్ అలౌడ్" అన్నా స్పష్టమే. ఈ "లైట్ కుకింగ్" దగ్గరే గొడవలన్నీ. ఓనర్ లెక్కలో అది మ్యాగీ, గుడ్డు, వేడినీళ్ళు. మన లెక్కలో పప్పు, ఒక వేపుడు, చారు. తిరగమోత లేని వంట మనకి వంటే కాదు, వాళ్ళకి తిరగమోతే భారీ వంట. గది చూడ్డానికి వెళ్ళినప్పుడే అడగండి: నూనెలో ఆవాలు వెయ్యొచ్చా? చేప వండొచ్చా? వారానికి ఎన్నిసార్లు? సిగ్గు పడొద్దు.

చివరికి సెంబవాంగ్‌లో దొరికింది. సింగపూర్‌కి ఉత్తరం కొస. ఇంకొంచెం వెళ్తే సముద్రపు పాయ, దానవతల మలేషియా జొహోర్. ఎంఆర్‌టీలో నార్త్ సౌత్ లైన్. సెంబవాంగ్‌లో ఎక్కితే యిషున్, ఖాతిబ్, యో చు కాంగ్, ఆంగ్ మో కియో, బిషాన్, బ్రాడెల్. రైలు మారక్కర్లేదు. (కాన్‌బెర్రా స్టేషన్ అప్పటికి లేదు, 2019లో వచ్చింది.) చదువుకునేవాళ్ళకి ఇదే నా మొదటి సలహా: గది అందం చూడకండి, క్లాసుకి రైలు మారక్కర్లేకుండా వెళ్ళొచ్చా లేదా చూడండి. రాత్రి పదింటికి క్లాసు వదిలాక ఆ తేడా తెలుస్తుంది.

ఇల్లు ఒక మలయ్ కుటుంబానిది. ఫైవ్ రూమ్ ఫ్లాట్. ఇక్కడి లెక్క మనవాళ్ళని తికమక పెడుతుంది: ఫైవ్ రూమ్ అంటే అయిదు బెడ్‌రూములు కాదు, మూడే. హాలూ డైనింగూ కూడా లెక్కలో వస్తాయి. పెద్దమ్మాయి పెళ్ళయి టాంపినీస్ వెళ్ళిపోయింది, ఆ గది ఖాళీ. ఆయన షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. కొడుకు నేషనల్ సర్వీస్‌లో ఉన్నాడు, శని ఆదివారాలు వస్తాడు. వాళ్ళని ఏమని పిలవాలో మొదటిరోజు నాకు తెలీలేదు. సింగపూర్‌లో ఎవరైనా అంకుల్, ఆంటీయే కదా, అలాగే అన్నాను. కొడుకు నవ్వి "పాచిక్, మాచిక్ అనండి" అన్నాడు. మన బాబాయ్, పిన్ని లాంటి పిలుపులే. ఆవిడ నన్ను 'నాక్' అనేది. 'అనాక్' అంటే బిడ్డ, నోట్లో పడి నాక్ అయింది. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆ పిలుపు వింటే ఏదోలా ఉండేది.

అద్దె 600 డాలర్లు, కరెంటూ నీళ్ళూ కలిపి. ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా. ఇప్పుడు ఆ అద్దెకి దొరకదు, ఆశ పెట్టుకోకండి.

మా ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి చెప్తే అమ్మ ముందు తిండి గురించి అడిగింది. "ముస్లింల ఇల్లు అంటున్నావు, మనకి పడుతుందా?" నిజానికి అది తలకిందుల ప్రశ్న. మన వంట వాళ్ళకి పడుతుందా అన్నది అసలు ప్రశ్న. ఆ ఇంటి వంటగది హలాల్ వంటగది. మొదటిరోజే మాచిక్ చెప్పింది: మాంసం ఏదైనా హలాల్ గుర్తు ఉన్నదే తేవాలి, మందు ఇంట్లోకి రాకూడదు. అంతే. కూరగాయలు, పప్పు, ఆవాలు, ఇంగువ, ఏ అభ్యంతరమూ లేదు. పైగా కరివేపాకు వాళ్ళకీ కావాలి. చింతపండు వాళ్ళకీ కావాలి. ఆవిడ 'అసామ్ పెదాస్' అని చేపల కూర చేస్తే నేను మూత తీసి చూసి నిలబడిపోయాను. చింతపండు పులుపు, ఎర్ర కారం, మా అమ్మ చేపల పులుసుకి పెదనాన్న కూతురు. ఇకాన్ బిలిస్ అంటే మన నెత్తళ్ళే, ఎండబెట్టినవి. వాటితో సంబల్ చేస్తారు. లిటిల్ ఇండియాలో గోంగూర దొరికిన ఆదివారం నేను పచ్చడి చేశాను. ఆవిడ వేలితో నాకి, కళ్ళు మూసి, సంబల్ గిన్నె పక్కన ఈ గిన్నెకి కూడా చోటిచ్చింది.

బెలచాన్ వాసన గురించి మాత్రం నిజం చెప్పాలి. రొయ్యల ముద్దని కాల్చినప్పుడు మొదటి నెల నేను కిందికి దిగి బ్లాక్ చుట్టూ నడిచేవాణ్ణి. నా ఇంగువకి ఆవిడ ఏం చేసేదో నేనెప్పుడూ అడగలేదు.

మాటల్లో కూడా చుట్టరికం దొరికింది. బహాసా అంటే భాష. గురు అంటే గురువే. షుర్గా స్వర్గం, నెరాకా నరకం. 'దోసా' అంటే పాపం, దోషం నుంచి వచ్చింది. నేను ఆదివారం పొద్దున్న దోసె వేస్తూ "దోసా, దోసా" అని చూపిస్తే పాచిక్ ఎందుకంత నవ్వాడో తర్వాత తెలిసింది. ఆయనకి కొన్ని మలయాళం ముక్కలు వచ్చు. సెంబవాంగ్ అంతా ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళ నౌకాదళ స్థావరం. 1938లో పెద్ద డ్రైడాక్ తెరిచారు, బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయే రోజుల్లో, 1968లో, అది షిప్‌యార్డ్ అయింది. అక్కడ మలయాళీలు చాలామంది పనిచేశారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న ముక్కలు నామీద ప్రయోగించేవాడు. నాది తెలుగు అని చెప్పినా ఒప్పుకోడు. ఇండియా అంటే మలయాళం, అంతే.

ఇక రోజువారీ సంగతులు. సైట్ నుంచి నేరుగా క్లాసుకి వెళ్ళి, ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటేది. బూట్లు గుమ్మం బయటే. సైట్ బట్టలు వాళ్ళ బట్టలతో కలిపి మెషిన్‌లో వెయ్యను, సిమెంటు దుమ్ము ఉంటుందని నేనే చెప్పాను. బట్టలు కిటికీ బయట వెదురు కర్రల మీద ఆరెయ్యాలి. పదో అంతస్తు నుంచి తడి ప్యాంటు తగిలించిన కర్రని బయటికి తోసి గొట్టంలో గుచ్చడం, పని రానివాడికి పెద్ద పరీక్ష. స్నానాల గది ఆరబెట్టి రావాలి. ఆ ఇంట్లో నీళ్ళ గొట్టం ఉంది, కాగితంతో బాధ లేదు. మనవాళ్ళు అడగడానికి మొహమాటపడే మొదటి ప్రశ్న ఇదే, అందుకే రాస్తున్నాను.

డైనింగ్ టేబుల్ మీద వలలాంటి మూత ఒకటి ఉండేది, తుడుంగ్ సాజి అంటారు. నా అద్దెలో భోజనం లేదు. కానీ క్లాసు ఉన్న మూడు రాత్రులూ ఆ మూత కింద ఏదో ఒకటి ఉండేది. మొదట్లో నాకు కాదేమో అని తినేవాణ్ణి కాదు. ఒక వారం తర్వాత మూత మీద కాగితం పెట్టింది: "నాక్, తిను."

పరాయి ఇంట్లో ఉండి చదవడంలో ఇదే లాభం. పరీక్షల వారం టీవీ సౌండ్ తగ్గుతుంది. శనివారం ఆర్మీ నుంచి వచ్చిన కుర్రాడు నా నోట్స్ పట్టుకుని ఇంగ్లీషు సరిచేస్తాడు. నాకు పని తెలుసు, షటరింగ్ ఎప్పుడు విప్పాలో నిద్రలో అడిగినా చెప్తాను, అదే మెథడ్ స్టేట్‌మెంట్ అని కాగితం మీద పెట్టమంటే చెయ్యి కదిలేది కాదు. ఆ పిల్లాడే నేర్పాడు. నేను వాడికి ఇంట్లోని బాంబ్ షెల్టర్ గురించి చెప్పాను. 1998 తర్వాత కట్టిన ఫ్లాట్లలో వంటగది దగ్గర ఇనప తలుపుతో చిన్న గది ఉంటుంది, మందమైన కాంక్రీట్ గోడలు. వాళ్ళు అందులో బియ్యం, పాత ఫ్యాన్లు పెట్టుకున్నారు. అరల కోసం ఆ గోడకి వాడు డ్రిల్ పట్టుకుని సిద్ధమైతే ఆపింది నేనే. అది ఇష్టమొచ్చినట్టు కన్నాలు పెట్టే గోడ కాదు.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి.

2015 ఫిబ్రవరి, చైనీస్ న్యూ ఇయర్ రోజులు. సైట్‌లో ఒక సబ్ కాంట్రాక్టర్ అందరికీ ఎర్ర డబ్బాలు పంచాడు. లోపల ఎర్రగా, పలచగా, తీపిగా కాల్చిన మాంసం. మధ్యాహ్నం విప్పి నేనొక ముక్క తిన్నాను, చికెన్ అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మిగిలింది డార్మిటరీలో ఉన్న స్నేహితులకి ఆదివారం ఇద్దామని తెచ్చి, ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాను. చిరిగిన కవరే, నూనె కారుతోంది. పెట్టేసి క్లాసుకి వెళ్ళిపోయాను.

దాన్ని బక్ క్వా అంటారు. పంది మాంసం.

రాత్రి పదకొండున్నరకి లిఫ్ట్ దిగేసరికి మా గుమ్మం ముందు కారిడార్‌లో ఫ్రిజ్ అరలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. లోపల ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఖాళీ. పాచిక్ చేతులు మోచేతుల దాకా మడిచి, బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. బకెట్‌లో మట్టి నీళ్ళు. వాళ్ళు పాటించే పద్ధతిలో పంది తగిలిన వస్తువుని ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్ళతో. సెర్తు అంటారు. నా గిన్నెలు కూడా కడిగి బోర్లించి ఉన్నాయి. ఎర్ర డబ్బా ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి నా గది తలుపు పక్కన ఉంది. పారెయ్యలేదు. నా వస్తువు కదా.

కొడుకు మెల్లిగా చెప్పాడు అదేంటో. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. నేను తిన్నది గుర్తొచ్చి ఒక రకంగా, ఆ ఫ్రిజ్ చూసి ఇంకో రకంగా. మాచిక్ కనపడలేదు, గదిలో ఉంది. "రేపే ఖాళీ చేస్తాను, డిపాజిట్ వద్దు" అన్నాను. పాచిక్ నా మాట విననట్టే "ఇంకా నాలుగుసార్లుంది" అని కొళాయి గొట్టం నా చేతికి ఇచ్చాడు. నేను నీళ్ళు కొట్టాను, ఆయన తుడిచాడు. రాత్రి ఒంటిగంట అయింది. తర్వాతి రెండు రోజులు మాచిక్ నాతో మాట్లాడలేదు. మూడోరోజు మూత కింద అన్నం ఉంది. ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టేస్తే అయిపోయేది.

ఆ జూన్‌లో రంజాన్ మొదలైంది. ఉపవాసాన్ని వాళ్ళు 'పువాసా' అంటారు. ఎక్కడో విన్నట్టు లేదూ? మన ఉపవాసమే. తెల్లవారకముందే నాలుగున్నరకి వంటగదిలో చప్పుడు. ఇంట్లో ఉండేవాళ్ళు దీనికి సిద్ధపడాలి. నన్ను ఎవరూ పస్తుండమనలేదు. ఆదివారాలు నేనే సిగ్గుపడి మధ్యాహ్నం వండటం మానేశాను, కింద కాఫీ షాపులో తినేవాణ్ణి.

జూలై 14, మంగళవారం. గోదావరి పుష్కరాలు మొదలైన రోజు. అమ్మా అక్కా తెల్లారగట్ల నాలుగింటికి రాజమండ్రి బయల్దేరారని మా ఆవిడ ముందురోజే చెప్పింది. మధ్యాహ్నం సైట్‌లో బాక్స్ విప్పుతుంటే ఎవడో ఫోన్ చూపించాడు: రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట. ముందు నలుగురైదుగురు అన్నారు. గంట గంటకీ అంకె పెరిగింది. చివరికి 27 మంది. అమ్మ ఫోన్ పలకదు. అక్క ఫోన్ పలకదు. లైన్లన్నీ జామ్. మా ఆవిడ ఫోన్ ఎత్తి ఏడవటం తప్ప ఏమీ చెప్పలేకపోయింది.

సాయంత్రం క్లాసుకి పోలేదు. ఇంటికొచ్చి వంటగది బయట నేలమీద కూర్చున్నాను. నా ఇంగ్లీషు కూడా పోయింది, "అమ్మ, నది, జనం" అని మూడు ముక్కలు చెప్పాను. అదొక నది పండగ అని, పన్నెండేళ్ళకోసారి వస్తుందని చెప్పే ఓపిక లేదు. మాచిక్ ఏమీ అడగలేదు. ఏడుంపావుకి అజాన్ అయింది. వాళ్ళు పొద్దుట్నుంచీ మంచినీళ్ళు ముట్టనివాళ్ళు. ఆవిడ మొదటి ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టి, నేను తినేదాకా తను తినలేదు. పాచిక్ టీవీ కట్టేశాడు. ఎనిమిదింపావుకి, అంటే మనకి అయిదూ ముప్పావుకి, అక్క ఫోన్ చేసింది. వాళ్ళు అసలు ఆ ఘాట్‌కే వెళ్ళలేదట. కోటిలింగాల ఘాట్‌లో స్నానం చేసి, బస్సుల్లేక నడిచి నడిచి బంధువుల ఇంటికి చేరారు. అమ్మ ఫోన్ తీసుకుని "ఎందుకురా అంత కంగారు, నీ పేరు చెప్పి కూడా మూడు మునకలు వేశాను" అంది. నేను ఏం మాట్లాడానో తెలీదు. పక్కన మాచిక్ నా మొహం చూసి, విషయం అర్థమై, లేచి వెళ్ళి అన్నం వడ్డించింది.

మూడు రోజుల తర్వాత, 17వ తేదీ శుక్రవారం, హరి రాయా. ఆ పొద్దున వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. పిల్లలు పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి ముద్దు పెట్టుకుని, ఏడాదంతా చేసిన తప్పులకి క్షమించమంటారు. "మాఫ్ జాహిర్ దాన్ బాతిన్" అంటారు, పైకి కనిపించినవీ, లోపల ఉన్నవీ, అన్నిటికీ. మాఫ్ అంటే మన మాఫీయే. ఆ ఏడు మన దగ్గర రుణమాఫీ మాట తప్ప ఇంకోటి వినపడేది కాదు, అందుకే చటుక్కున అర్థమైంది. పెద్దమ్మాయి, అల్లుడు, కొడుకు, అందరూ అయ్యాక నేను కూడా వెళ్ళి కూర్చున్నాను. ఫ్రిజ్ గురించి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "నాకు కోపం రాలేదనుకున్నావా? వచ్చింది. రెండు రోజులు ఉంది" అంది. "తెలీకుండా తెచ్చావని ఆ రాత్రే తెలుసు. తెచ్చే ముందు ఒక్క మాట అడుగుతావని అనుకున్నాను." తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, పిల్లలకి ఇచ్చినట్టే చిన్న పచ్చ కవరు ఇచ్చింది. అందులో పది డాలర్లు.

ఆ ఇంట్లో మూడేళ్ళున్నాను. కోర్సు 2016లో పూర్తయింది. వాళ్ళు తర్వాత చిన్న ఫ్లాట్ తీసుకుని కూతురి దగ్గరికి టాంపినీస్ వెళ్ళిపోయారు. నేను ఇప్పటికీ సెంబవాంగ్‌లోనే ఉన్నాను. పాచిక్ తీసుకెళ్ళిన వేడినీటి బుగ్గ దగ్గరికి అప్పుడప్పుడూ పోతుంటాను. అప్పట్లో కొళాయిలు, ప్లాస్టిక్ బకెట్లు మాత్రమే ఉండేవి. 2020లో పార్కుగా చేశారు, ఇప్పుడు జనం గుడ్లు ఉడకబెట్టుకుంటున్నారు.

మేనల్లుడి కోసం, మీ కోసం, కాగితాల పని కూడా చెప్పేస్తాను. హెచ్‌డీబీలో గది కనీసం ఆరు నెలలకి తీసుకోవాలి, రోజుల లెక్కన ఇచ్చేవాళ్ళు చట్టం దాటుతున్నట్టే. ఓనర్ హెచ్‌డీబీ అనుమతి తీసుకుని మీ పేరు నమోదు చెయ్యాలి, అది అయిందా లేదా అడిగి చూడండి. గది ఇచ్చే ఓనర్ ఆ ఇంట్లో ఉండి తీరాలి. ఒక గదికి తాళం వేసి "ఉంటున్నట్టే" అనడం కుదరదు, పట్టుబడితే మీరూ రోడ్డు మీద పడతారు. హాలుకి చెక్క గోడ కట్టి గది అని చూపిస్తే వద్దనండి. ఏజెంట్ ఉంటే సీఈఏ జాబితాలో అతని పేరు, నంబరు వెతకండి. హెచ్‌డీబీ అద్దె డబ్బు ఏజెంట్ తన చేతికి తీసుకోకూడదు, "నా అకౌంట్‌కి వెయ్యండి" అన్నాడంటే లేచి వచ్చెయ్యండి. అగ్రిమెంట్‌కి స్టాంప్ డ్యూటీ కట్టాలి, మొత్తం అద్దెలో 0.4 శాతం. నెలకి 800 చొప్పున ఏడాదికి 9,600 అనుకుంటే 38 డాలర్లు. అంత చిన్న మొత్తానికి కక్కుర్తి పడి స్టాంప్ లేకుండా ఉంటే, రేపు డిపాజిట్ గొడవ వస్తే ఆ కాగితం చూపించి మాట్లాడటం కష్టం.

కుటుంబంతో ఉండటం అందరికీ పడదు. రాత్రి రెండింటి దాకా స్నేహితులతో కూర్చునే అలవాటున్నవాడికి అస్సలు పడదు. నా డార్మిటరీ స్నేహితుడొకడు తర్వాత ఓ ఇంట్లో చేరి రెండు నెలల్లో బయటికొచ్చాడు. ఓనర్ అతని షాంపూ సీసాలో గీతలు గీసి చూసుకునేవాడట, నీళ్ళు ఎన్నిసార్లు పోసుకుంటున్నాడో లెక్కకి. అలాంటి ఇళ్ళు కూడా ఉంటాయి. అందుకే ఒకసారి పగలు, ఒకసారి రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళి గది చూడమంటాను. రాత్రి పూట ఇల్లు ఎలా ఉందో చూస్తే, చదవగలరో లేదో తెలిసిపోతుంది.

మావాడికి యిషున్‌లో ఒక గది ఉందని తెలిసింది, ఓనర్లు చైనీస్ ముసలి దంపతులు. శనివారం రాత్రి చూడ్డానికి వెళ్తున్నాను. ఫోన్లో ఆవిడ "లైట్ కుకింగ్ ఓకే" అంది. మావాడు చారు లేకుండా అన్నం తినడు. ఆవాల సంగతి అడగాలి.